ప్రొబేషన్‌లో తీసేస్తే కోర్టుకు పోయి ఏం లాభం అంటారా

జర్మనీలో ప్రొబేషన్‌లో ఉండగా తీసేస్తే ఇక చేసేదేమీ లేదు, పెట్టె సర్దుకోవడమే అన్న మాట మన వరంగల్, కరీంనగర్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఎంతగా తిరుగుతోందంటే, ఎవరైనా పాపం లెటర్ వచ్చిందని రాయగానే కింద పదిమంది అదే మాట రాస్తారు. వాళ్లు చెప్పేది సగం నిజం. మిగతా సగం తెలియక, కోర్టుకు పోవడానికి ఉన్న మూడు వారాల గడువునూ వదిలేస్తున్న పిల్లలను చూసి ఇది రాస్తున్నా. నేను లాయర్‌ని కాను. కొన్నేళ్లు అక్కడ ఒక కంపెనీలో జీతాల విభాగంలో, హెచ్ఆర్ వాళ్ల పక్క గదిలోనే పనిచేసి వచ్చి ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. ఈ లెటర్లు తయారయ్యే వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి అవతలివాళ్లకు ఎక్కడ భయమో కొంత తెలుసు.

ముందు ఆ నిజమైన సగం. జర్మనీలో ఉద్యోగిని తీసేయాలంటే కారణం చూపించాలని చెప్పే చట్టం 1951 నాటిది, అది మీకు వర్తించాలంటే రెండు కావాలి: అదే కంపెనీలో ఆరు నెలలు నిండాలి, ఆ కంపెనీలో పదిమంది కంటే ఎక్కువ ఉద్యోగులు ఉండాలి. ఆరు నెలలు నిండకముందు కంపెనీ మీకు కారణం చెప్పక్కర్లేదు, కోర్టు కూడా ఎందుకు తీశారని అడగదు. పైగా కాంట్రాక్టులో ప్రొబేషన్ అని రాసుంటే నోటీసు రెండు వారాలే, అదీ నెలాఖరు దాకా ఆగకుండా ఏ రోజు నుంచైనా. ఇక్కడ చాలామంది పడే తికమక ఒకటుంది. కాంట్రాక్టులో ప్రొబేషన్ మూడు నెలలే అని ఉంటే నాలుగో నెల నుంచి తాను పర్మనెంట్ అనుకుంటారు. అట్లా కాదు. ప్రొబేషన్ నోటీసు ఎంతో తేలుస్తుంది, అంతే. మూడు నెలల తర్వాత నోటీసు నాలుగు వారాలవుతుంది, కానీ కారణం అడిగే హక్కు మాత్రం ఆరు నెలలు నిండాకే. రెండూ వేర్వేరు గడియారాలు.

మా అక్క కూతురు స్టుట్‌గార్ట్ పక్కన ఒక కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్‌లో చేరింది. ఆరో నెల నడుస్తుండగా మీటింగ్ అని పిలిచి లెటర్ చేతిలో పెట్టారు. వాళ్ల నాన్న, అంటే మా బావ, సింగరేణిలో చేసి రిటైరై గోదావరిఖనిలో ఉంటాడు. ఆయనకు ఫోన్లో చెప్తే అసలు మింగుడుపడలేదు. "ఛార్జ్‌షీట్ ఇయ్యకుండ, ఎంక్వైరీ పెట్టకుండ, కాగితం చేతుల పెట్టి పొమ్మంటరా? గట్లెట్ల?" అని నా మీద అరిచాడు, ఆ కంపెనీ నాదైనట్టు. బావా, మన దగ్గర కూడా దుకాణాలు, ఆఫీసులకు వర్తించే 1988 చట్టంలో 47వ సెక్షన్ ఆరు నెలలు నిండినవాళ్లకే నెల నోటీసు ఇవ్వాలంటుంది, అక్కడా దాదాపు అదే లెక్క అని చెప్పా. ఆయన వినలేదు. ఆయన బాధ చట్టం గురించి కాదు కదా, బిడ్డ గురించి.

ఆ పిల్ల మాత్రం తెలివైంది. మీటింగ్‌లోంచి బయటికొచ్చి బాత్రూంలో నిలబడి నాకు ఫోన్ చేసింది. "మామా, రెండు కాగితాలు పెట్టిండ్రు, రెండిటి మీదా సంతకం అడుగుతున్నరు, పెట్టాల్నా?" ఒకటి లెటర్ ముట్టినట్టు సంతకం. అది పెట్టొచ్చు, పెట్టకపోయినా పెద్ద తేడా ఉండదు. రెండోది ఇద్దరం ఇష్టపూర్వకంగా ఉద్యోగం ముగించుకుంటున్నామని రాసుకునే ఒప్పందం. దాని మీద సంతకం పెడితే ఇక కోర్టుకు తీసుకెళ్లడానికి తొలగింపే ఉండదు, ఎందుకంటే తీసేసింది వాళ్లు కాదు, మీరే ఒప్పుకుని బయటికొచ్చారు. పైగా నిరుద్యోగ భృతి వచ్చే అర్హత ఉన్నవాళ్లకు, మీ అంతట మీరే మానుకున్నారని మామూలుగా పన్నెండు వారాలు దాన్ని ఆపుతారు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని చెప్పి వచ్చేయ్ అన్నా. వచ్చేసింది. వాళ్లేమీ అనలేదు కూడా, అడిగి చూశారంతే.

ఇప్పుడు మిగతా సగం. కారణం అడగని కోర్టు, పద్ధతి మాత్రం అడుగుతుంది. కారణం మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టి, తీసేసిన తీరు సరిగ్గా ఉందా అని చూస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు పట్టు దొరికేది ఇక్కడే.

మొదటిది సంతకం. తొలగింపు కాగితం మీద ఉండాలి, దాని మీద పెన్నుతో పెట్టిన అసలు సంతకం ఉండాలి. ఈమెయిల్, వాట్సాప్, స్కాన్ చేసి పంపిన పీడీఎఫ్, ఆన్‌లైన్ సంతకాల యాప్, ఏదీ చెల్లదు. ఇది జర్మన్ సివిల్ కోడ్ 623వ సెక్షన్, ఇందులో మొహమాటం లేదు. స్టార్టప్పుల్లో పనిచేసే పిల్లలకు ఇది ఎక్కువ పనికొస్తుంది, వాళ్ల మేనేజర్లు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే కానిచ్చేస్తారు.

రెండోది, ఆ సంతకం ఎవరిది అన్నది. డైరెక్టరో, హెచ్ఆర్ హెడ్డో అయితే సరే. టీం లీడరో, పేరు కూడా వినని ఎవరో పెట్టి, ఆ అధికారం తనకు ఉందని చూపే అసలు కాగితం జత చేయకపోతే, అదే సివిల్ కోడ్ 174వ సెక్షన్ ప్రకారం ఆ లెటర్‌ను అదే కారణం చెప్పి వెంటనే తిరస్కరించవచ్చు. వెంటనే అంటే నిజంగా వెంటనే. వారం దాటితే మామూలుగా కోర్టులు ఆలస్యం కిందే చూస్తాయి. మీ తరఫున లాయర్ తిరస్కరిస్తే, ఆయన కూడా తనకు అధికారం ఇచ్చిన అసలు పత్రం జత చేయాలి. లేకపోతే వాళ్లు అదే సెక్షన్ తిప్పి మన మీదే వాడతారు. జర్మన్ హెచ్ఆర్ వాళ్లు ఇలాంటివాటిలో భలే హుషారు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, బెట్రీబ్స్‌రాట్. కంపెనీలో ఉద్యోగులు ఎన్నుకున్న కౌన్సిల్ అది, అన్ని చోట్లా ఉండదు. ఉన్నచోట మాత్రం ప్రొబేషన్‌లో ఉన్నా సరే, ప్రతి తొలగింపుకూ ముందు దానికి చెప్పి అభిప్రాయం అడగాలి. అడగకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదు. కౌన్సిల్ వద్దన్నా కంపెనీ తీసేయొచ్చు, అది వేరే సంగతి. కానీ అడగాలి, జవాబుకు వారం రోజులు ఇవ్వాలి. ఆ వారం గడవకముందే, కౌన్సిల్ తన చివరి మాట చెప్పకముందే లెటర్ ఇచ్చేస్తే అదీ చెల్లదు. బావకు ఇది చెప్పగానే కొంచెం చల్లబడ్డాడు. "మా దగ్గర యూనియన్ ఉన్నట్టన్నమాట" అన్నాడు. పూర్తిగా అట్లా కాదు, అక్కడ యూనియన్లు వేరే, ఈ కౌన్సిల్ వేరే. కానీ ఆ రాత్రి ఆయనకు ఆ తేడా విడమరచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఈ పద్ధతి లోపాలకు అంత బలం ఎందుకో చెప్పాలి, ఎందుకంటే "సరేలే, ఇంకో లెటర్ సరిగ్గా రాసి ఇస్తారు, అంతేగా" అని అడుగుతారు. ఇస్తారు. కానీ ఎప్పుడు ఇస్తారు? కంపెనీలు చాలావరకు ఐదో నెల చివర్లోనో, ఆరో నెలలోనో మేల్కొంటాయి. మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి మనిషి పేరు పక్కన ఆరు నెలలు నిండే తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా ఉండేది, దానికి ముందు మేనేజర్‌కు ఉంచుకుంటారా తీసేస్తారా అని మెయిల్ వెళ్లేది. సగం మంది మేనేజర్లు అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టేవాళ్లు. అంటే ఆఖరి రోజుల్లో లెటర్ వచ్చిందంటే మీరు పనికిరారని ఆరు నెలలు గమనించి తేల్చారని అనుకోనక్కర్లేదు, చాలాసార్లు అది ఆ ఎర్ర తేదీ ప్రభావం. ఇప్పుడు ఆ ఆఖరి వారంలో ఇచ్చిన లెటర్ సంతకం దగ్గరో, కౌన్సిల్ దగ్గరో తప్పిందనుకోండి. కొత్త లెటర్ తయారై మీ చేతికి వచ్చేసరికి ఆరు నెలలు నిండిపోతాయి. అప్పుడు 1951 చట్టం మొత్తం మీ వైపు నిలబడుతుంది, పదిమంది కంటే ఎక్కువ ఉన్న కంపెనీ అయితే సరైన కారణం కోర్టులో నిరూపించాల్సిందే. హెచ్ఆర్ వాళ్ల నిద్ర చెడగొట్టేది ఇదే. అందుకే లెటర్ రాగానే ముందు చూసుకోవాల్సింది మీరు చేరిన తేదీ, లెటర్ మీ చేతికొచ్చిన తేదీ, ఈ రెండూ. ఉద్యోగం ముగిసే తేదీ ఆరు నెలల తర్వాత పడినా లాభం లేదు, లెక్కలోకి వచ్చేది లెటర్ చేరిన రోజే.

కొన్ని ఇంకా గట్టివి ఉన్నాయి, ఇవి ఏ నెలలో ఇచ్చారన్నదానితో పని లేనివి. లెటర్ వచ్చేనాటికి గర్భవతి అయి ఉంటే ప్రొబేషన్‌లో కూడా తీసేయకూడదు, ప్రభుత్వ శాఖ ముందుగా అనుమతిస్తే తప్ప. కంపెనీకి తెలియకపోయినా, లెటర్ అందిన రెండు వారాల్లోపు చెబితే చాలు. మన అమ్మాయిలు మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారని ఆఫీసులో చెప్పరు. లెటర్ వచ్చాక మాత్రం ఆ రెండు వారాలు మర్చిపోవద్దు. ఓవర్‌టైం డబ్బులు అడిగినందుకో, తన హక్కు ఏదో వాడుకున్నందుకో తీసేస్తే అదీ చెల్లదు, కాకపోతే అందుకే తీశారని మీరు చూపించాలి. జాతి, మతం, లింగం, వయసు లాంటి వాటి వల్ల వివక్ష అయితే వేరే చట్టం ఉంది, దాని కింద నష్టపరిహారం రెండు నెలల్లో లిఖితంగా అడగాలి. ఇక్కడ ఒక మాట: మెసేజో, సాక్షో, ఏదో ఒక ఆధారం లేకుండా వివక్ష అని రాయొద్దు. కోపంలో అందరికీ అట్లాగే అనిపిస్తుంది, జడ్జి మాత్రం ఏది చూపించగలవో చూపించు అంటాడు. ఇంకో అపోహ, సిక్ లీవులో ఉంటే తీసేయలేరని. తీసేయగలరు, లెటర్ మీ ఇంటి పోస్టుబాక్సులో వేస్తారు, మామూలుగా పోస్టు వచ్చే వేళకు అందులో పడితే మీకు చేరినట్టే. మీరు హనుమకొండలో అక్క పెళ్లిలో ఉన్నా సరే. ఊరికి వచ్చేటప్పుడు ఆ బాక్సు తెరిచి ఫోటో పంపే మనిషి ఒకరిని పెట్టుకోండి.

ఇక మూడు వారాలు. లెటర్ చేతికి వచ్చిన రోజు నుంచి మూడు వారాల్లో లేబర్ కోర్టులో, అంటే ఆర్బైట్స్‌గెరిష్ట్‌లో దావా పడాలి. మంగళవారం అందితే మూడో వారం మంగళవారం రాత్రితో సరి. దాటిందా, లెటర్‌లో దాదాపు ఎన్ని లోపాలున్నా అది సరైనదే అయినట్టు చట్టం తీసుకుంటుంది. కౌన్సిల్‌ను అడగకపోయినా సరే, సంతకం పెట్టినవాడి అధికారం చూపే కాగితం జత చేయకపోయినా సరే. ఈమెయిల్‌లో వచ్చిన తొలగింపుకు మాత్రం, అది కాగితమే కాదు కాబట్టి, ఈ మూడు వారాల లెక్క మొదలుకాదు. అయినా దాన్ని నమ్ముకుని నెలలు కూర్చోవద్దు, అప్పుడు కోర్టుకే విసుగొస్తుంది.

మన పిల్లలకు ఈ మూడు వారాలు ఎట్లా పోతాయో నాకు బాగా తెలుసు. మొదటి వారం ఇంట్లో చెప్పరు. ఎడ్యుకేషన్ లోన్ ఉంది, నాన్న సంతకం ఉంది, చెల్లి సంబంధం మాటల్లో ఉంది. ఆఫీసుకు వెళ్తున్నట్టే పొద్దున వీడియో కాల్‌లో కనిపిస్తారు. రెండో వారం కొత్త ఉద్యోగాలకు అప్లై చేస్తారు. మూడో వారం ఎవరో సీనియర్‌ను అడుగుతారు, ఆ సీనియర్ "గొడవ పెట్టుకోకు, వీసా పోతది" అంటాడు. పాపం ఆయన మంచికే చెప్తాడు.

వీసా అట్లా పోదు. కోర్టుకు వెళ్లడం వీసాకు మచ్చ కాదు, అది అక్కడ మామూలు విషయం, వాళ్ల పక్కింటివాళ్లూ వెళ్తారు. వీసాకు ముప్పు ఉద్యోగం పోవడం వల్ల, కేసు వల్ల కాదు. ఉద్యోగం ముగిస్తున్నారని తెలిసిన రెండు వారాల్లో విదేశీయుల ఆఫీసుకు మీరే రాయాలి, అది బాధ్యత. చాలామంది భయపడి రాయరు, అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. మీ నివాస అనుమతి కార్డు దానంతటదే ఆ రోజే చచ్చిపోదు, వాళ్లు గడువు తగ్గించవచ్చు. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువుల విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి, ఉన్నవాళ్లకు యూరోపియన్ నిబంధనల ప్రకారం ఉద్యోగం లేని మూడు నెలల వరకు ఆ ఒక్క కారణంతో కార్డు వెనక్కి తీసుకోకూడదు, రెండేళ్లు దాటి కార్డు ఉన్నవాళ్లకు అది ఆరు నెలలు. దానితోపాటు ఇంకో ఆఫీసు, ఉపాధి కార్యాలయం, ఆర్బైట్స్అగెంటూర్. రెండు వారాల నోటీసు వచ్చినవాళ్లు మూడు రోజుల్లో అక్కడ ఉద్యోగం వెతుకుతున్నట్టు పేరు రాయించుకోవాలి, ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది.

ఇక కోర్టు ఖర్చు. బావ మొదటి ప్రశ్నే అది. లేబర్ కోర్టు అంటే ఆయనకు తెలిసింది వాయిదాలు, ఏళ్లు, లాయరు ఫీజు. అక్కడ మొదటి కోర్టులో లాయర్ తప్పనిసరి కాదు. కోర్టులోనే రెష్ట్స్‌ఆంట్రాగ్‌ష్టెల్లె అని ఒక కౌంటర్ ఉంటుంది, లెటరూ, కాంట్రాక్టూ, పాస్‌పోర్టూ తీసుకెళ్తే అక్కడి ఉద్యోగి మీ దావా రాసిపెడతాడు, దానికి డబ్బులు తీసుకోడు. సలహా మాత్రం ఇవ్వడు, రాస్తాడంతే. జర్మన్ రాకపోతే వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్లండి. మామూలు ఈమెయిల్‌లో పంపిన దావా చెల్లదు. కోర్టు ఫీజు ముందుగా కట్టక్కర్లేదు, రాజీ అయితే అసలే ఉండదు. లాయర్‌ను పెట్టుకుంటే మాత్రం గెలిచినా ఓడినా మీ లాయర్ ఖర్చు మీదే. ఇది విని నిరాశపడతారు కానీ తిప్పి చూడండి: కంపెనీకీ అంతే. వాళ్లు గెలిచినా వాళ్ల లాయర్ బిల్లు మీ నుంచి రాదు. రెండు వారాల జీతంతో పోయే మనిషి కోసం లాయర్‌కు వేలల్లో యూరోలు పోయాల్సి వచ్చేసరికి మా ఆఫీసులో ఫైళ్లు ఎంత త్వరగా రాజీ వైపు తిరిగేవో నేను చూశాను.

దావా పడ్డాక మొదట జరిగేది రాజీ వాయిదా, గ్యూటెటెర్మీన్ అంటారు. తొలగింపు కేసుల్లో దీన్ని తొందరగా పెట్టాలని చట్టమే చెప్తుంది, మామూలుగా వారాల్లోనే వస్తుంది. జడ్జి ఒక్కరే కూర్చుంటారు, ఇద్దరినీ విని ఎవరి కేసులో ఏ బొక్క ఉందో మొహం మీదే చెప్తారు. మా పిల్ల వాయిదాలో జరిగింది అదే. కౌన్సిల్‌ను సరిగ్గా అడిగారో లేదో తనకు తెలియదు కాబట్టి అడగలేదనే అంటున్నానని దావాలో రాసింది. అట్లా రాస్తే అడిగామని, ఏం చెప్పి అడిగామని కంపెనీయే చూపించాలి. జడ్జి కాగితాలు అడిగితే అవతలి లాయర్ తేదీలు చూసుకుంటాను అన్నాడు. కౌన్సిల్‌కు ఇచ్చిన కాగితానికీ లెటర్‌కూ మధ్య వారం ఉందో లేదో ఆయనకే రూఢిగా తెలియదు. అక్కడి నుంచి మాట రాజీ మీదకు మళ్లింది.

మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోలేదు. అది ఆశించొద్దనే నేను ముందే చెప్పా, వద్దన్నచోట మళ్లీ కూర్చుని పనిచేయడం దానికీ ఇష్టం లేదు. డబ్బు కూడా పెద్దగా రాదు. అక్కడ రాజీల్లో ఏడాది సర్వీసుకు సగం నెల జీతం అనేది వాడుక లెక్క, ఆరు నెలలకు దానితో లెక్కేస్తే ఎంతొస్తుందో మీరే చూసుకోండి. తను అడిగింది సమయం. రెండు వారాల నోటీసు బదులు ముగింపు తేదీని రెండు నెలలు పొడిగించారు, ఆ రెండు నెలలూ పనికి రాకపోయినా జీతం ఇచ్చేటట్టు. వాడుకోని సెలవులు దానిలోనే కలిపారు. ఇంకోటి సర్టిఫికెట్. జర్మన్ కంపెనీలు ఇచ్చే పని సర్టిఫికెట్‌లో అన్నీ పొగడ్తల్లాగే ఉంటాయి గానీ వాటిలో మార్కులు దాగి ఉంటాయి. "మాకు సంతృప్తి కలిగించారు" అంటే పాసు మార్కు. "ఎల్లప్పుడూ మాకు పూర్తి సంతృప్తి కలిగించారు" అంటే మంచి మార్కు. ఆ "ఎల్లప్పుడూ" కూడా రాజీ పత్రంలోనే రాయించుకోవాలి, తర్వాత చూద్దాంలే అంటే ఇవ్వరు.

బావ మళ్లీ ఫోన్ చేసి "కేసు గెల్చినట్టా ఓడినట్టా?" అని అడిగాడు. జీతం వస్తోంది, ఇంటర్వ్యూలకు పోతోంది, ఉద్యోగంలో ఉన్నట్టే కాగితం మీద కనిపిస్తోంది అని చెప్పా. కాసేపాగి, "మరి ఆ లెటర్ మీద సంతకం ఎవనిది?" అన్నాడు. హెచ్ఆర్ హెడ్డుది బావా, అది సరిగ్గానే ఉంది అన్నా. ఆయనకు అది నచ్చలేదు.